గుడ్డు వదిలిన బొమ్మ

వంటిల్లు కాస్తా టికెట్ కౌంటరైపోయింది.

వినేవాళ్ళకి నవ్వొస్తుందేమో గానీ అత్తయ్యకి మాత్రం ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి! పొయ్యి ఉన్నచోట గాజు కిటికీ, కిటికీకి చెయ్యి పట్టేంత కంత, కంత వెనకాల గిర్రున తిరిగే కుర్చీ. ఉప్పు డబ్బా ఉండే గూట్లో ఎవడో ఫోను ఛార్జింగుకి పెట్టుకున్నాడు. గోడలకి ఆసుపత్రి తెలుపు కొట్టారు. ఏ మూల ఏముందో కళ్ళు మూసుకుని తడిమి చెప్పగలిగిన వంటిల్లు అది. ఇప్పుడు అందులో నిలబడితే, ఎవరింటికో వెళ్ళి, కూర్చోమని ఎవరూ అనక, గుమ్మంలో నిలబడ్డట్టుంది.

"రేపట్నుంచి నా వంటింట్లోకి నేను రావాలన్నా టికెట్ తీసుకోవాలి కాబోలు" అని పైకే అంది.

వినడానికి పక్కన ఎవరూ లేరు. ఆవిడ పైకి అనే మాటలు వినడానికి ఆ ఇంట్లో ఎవరూ లేక చాన్నాళ్ళయింది. అయినా అనడం మానలేదు. నోరు ఊరుకుంటుందా?

ఇంతకీ ఎవరికి అత్తయ్య అంటారా? అందరికీ అత్తయ్యే. ఆ ఇల్లు ఇద్దరు చిత్రకారులది, మొగుడూ పెళ్ళాలది. బొమ్మలు నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలు ఆయన్ని మాస్టారు అనేవాళ్ళు, ఆవిణ్ణి అమ్మ అనేవాళ్ళు. మాస్టారి చెల్లెలు గనక ఈవిడ అత్తయ్య అయింది. పెళ్ళి లేదు, పిల్లల్లేరు, అన్నావదినలకీ సంతానం కలగలేదు కాబట్టి చెప్పుకోవడానికి సొంత మేనల్లుడు కూడా లేడు. అయినా అత్తయ్యే. అసలు పిలుపు చిట్టి. అలా పిలిచే నోళ్ళు రెండే ఉండేవి. ముందు అన్నయ్య పోయాడు, రెండేళ్ళు తిరక్కుండా వదినా పోయింది. డెబ్బై దాటిన మనిషిని ఇప్పుడు చిట్టీ అని ఎవరు పిలుస్తారు చెప్పండి?

పోతూ పోతూ వదిన ఇంటినీ బొమ్మల్నీ ఊరికి రాసిచ్చింది, జనం చూసుకోవడానికి. వెనక గదిలో చిట్టి బతికున్నన్నాళ్ళూ ఉండాలి, ఎవరూ కదపకూడదు అని షరతు పెట్టింది. ఊరివాళ్ళు మాట తప్పలేదు. వెనక గదిని అలాగే వదిలి మిగతా ఇంటినంతా గ్యాలరీ చేసేశారు. పాపం, ఆ గదికి చిన్న వంటగది కూడా కట్టించారు. అందులో ఒక మనిషికి సరిపడా వండుకోవడం అత్తయ్యకి ఇంకా చేతకావడం లేదు. ఎప్పుడూ మిగిలిపోతుంది.

రేపే గ్యాలరీ తలుపులు తెరిచేది.

ఆ ఇల్లు మొదట ఇల్లే కాదు, పత్తి బేళ్ళు దాచే గోదాము. అన్నయ్యా వదినా బొమ్మల కాలేజీలో కలిసి చదువుకుని, ఇంట్లోవాళ్ళకి చెప్పకుండా పెళ్ళి చేసుకుని, అద్దెకి ఇల్లిచ్చే పుణ్యాత్ముడు దొరక్క ఇందులో దిగారు. ఏ మూల ఊడ్చినా దూది. తుమ్ములే తుమ్ములు. అన్నయ్య ఉత్తరం వైపు కప్పు కోయించి అద్దాలు వేయించాడు, వెలుతురు బాగుంటుందని. వెలుతురుతోపాటు వానా వచ్చేది. మబ్బు పట్టిందంటే చాలు, బొమ్మల్ని ఎత్తుకుని పొడిగా ఉన్న మూలకి ఉరుకులు పరుగులు. వదినకి ఒంట్లో బాగాలేదని కబురొస్తే, నాలుగు రోజులు సాయం ఉండి వెళ్దామని వచ్చింది చిట్టి. ఆ నాలుగు రోజులు ఇంకా పూర్తి కాలేదు.

వాళ్ళిద్దరూ బొమ్మ వేసే పద్ధతే వేరు. లోకంలో ఎక్కడా ఉండదు. అన్నయ్య చెయ్యి మహా చెయ్యి. భుజం వేస్తే బరువు తెలిసేది, శాలువా వేస్తే చలి తెలిసేది. కానీ మెడ దాటితే ఆ చేతికి ఏమయ్యేదో ఏమో, ముఖం వెయ్యమంటే ముద్ద చేసి పెట్టేవాడు. "ముఖాలు నా వల్ల కాదు బాబూ" అని దణ్ణం పెట్టేసేవాడు. వదిన సంగతి సరిగ్గా దీనికి ఎదురు. కళ్ళలోకి చూస్తే మాట్లాడతాయేమో అనిపించేలా ముఖం వేసేది. కాళ్ళూ చేతులూ వేసిందా, కట్టెపుల్లలే. "ఇద్దరం కలిస్తే గానీ ఒక చిత్రకారుడు కాము" అని వాళ్ళే నవ్వుకునేవాళ్ళు.

అంచేత పొద్దున వెలుతురు ఆయనది, మధ్యాహ్నం వెలుతురు ఆవిడది. ఆయన మెడదాకా వేసి, ముఖం ఉండాల్సినచోట కోలగా, తెల్లగా గుడ్డ వదిలేసేవాడు. దాన్ని ఆ ఇంట్లో గుడ్డు అనేవాళ్ళు.

"గుడ్డు వదిలానోయ్!" అని కేకేసేవాడు చేతులు కడుక్కుంటూ.

"పొదుగుతాలే, ముందు భోంచెయ్యి" అనేది వదిన.

మెడ దగ్గర ఇద్దరి చేతులూ కలిసేవి. వాళ్ళ బొమ్మల్లో ఆ మెడ గురించి పెద్దపెద్దవాళ్ళు వ్యాసాలు రాశారు. అదేదో గొప్ప సంగతట. అదేం లేదు, ఆయన రంగు ఆరకముందే ఈవిడ వచ్చి మొదలెట్టేది, అంతే.

ఇక కూర్చునే మనిషి ఎవరంటే, చిట్టి. కూలికి మనిషిని పిలిచే స్తోమత లేని రోజుల్లో కూర్చోబెట్టారు, స్తోమత వచ్చాక కూడా లేవనివ్వలేదు. ఎందుకంటే చిట్టి కూర్చుంటే కూర్చున్నట్టే. ఈగ వాలినా దోమ కుట్టినా చెయ్యి కదిలేది కాదు. పొద్దున్నంతా పెద్ద గదిలో పొడుగు వీపు కుర్చీలో కూర్చునేది. మధ్యాహ్నానికి వంటింట్లో పని నెత్తిమీద కూర్చునేది. వదిన బ్రష్షు పట్టుకునే వేళకి చిట్టి కూరలు తరుగుతూ ఉండేది. ఒకసారి పిలిచి చూసింది, రెండుసార్లు పిలిచింది, ఆ తర్వాత బొమ్మ పక్కన అద్దం పెట్టుకుని, అద్దంలో ఎవరు కనిపిస్తే వాళ్ళ ముఖమే గుడ్డులో వేసేసింది.

"నా ఒంటి మీద నీ తలకాయ భలే అతికింది వదినా!" అని పడీ పడీ నవ్వింది చిట్టి, మొదటి బొమ్మ చూసినప్పుడు.

ఆ బొమ్మకే పేరొచ్చింది. ఇంకేముంది, అందరికీ ఆ ముఖమే కావాలి. భుజాలు చిట్టివి, ఒళ్ళో పెట్టుకున్న చేతులు చిట్టివి, పాదాలు చిట్టివి. ముఖం వదినది. అలా ఒకటి కాదు, ఇంటినిండా అవే. సంబంధాలు రాకపోలేదు. "ఈ బొమ్మ అవనీ, చూద్దాం" అనేవాడు అన్నయ్య. ఇంకోటి మొదలయ్యేది. నవ్వడం ఎప్పుడు మానేసిందో చిట్టికే గుర్తులేదు. కోపం అని కాదు. రోజూ తన ఒళ్ళు గోడల మీద కనిపిస్తూ, అందులో తను లేకపోతే మనిషికి ఎలా ఉంటుంది? ఒంటరిగా ఉంటుంది. ముగ్గురున్న ఇంట్లో కూడా ఒంటరిగానే ఉంటుంది.

ఆఖరి బొమ్మకి అన్నయ్య గుడ్డు వదిలాడు గానీ, వదిన పొదగలేదు. ఈలోపే ఆయన గొంతులో ఏదో పుట్టి మంచం ఎక్కించింది. ఆసుపత్రిలో గొట్టాలు పెట్టడానికి గడ్డం తీసేశారు. మీసం మొలిచిన నాటి నుంచీ గుబురు గడ్డమే ఆయనకి. చిట్టి భోజనం క్యారియర్‌తో వెళ్ళి గుమ్మంలో నిలబడి, మంచం మీద ఎవరో పరాయి మనిషిని చూసి, గది తప్పానేమోనని వెనక్కి తిరిగి నడిచింది. "చిట్టీ, ఇదే గది, రా" అని వదిన పిలిస్తే వచ్చింది గానీ, ఆ ముఖం వైపు చూడలేకపోయింది. కూర్చున్నంతసేపూ దుప్పటి మీద ఉన్న ఆయన చేతుల్నే చూసింది. మళ్ళీ వెళ్ళే అవసరం రాలేదు.

ఆయన పోయాక వదినకి ఒక కొత్త అలవాటు పట్టుకుంది. చిట్టి కూరలు తరుగుతుంటే వచ్చి ఎదురుగా కూర్చుని, రెప్ప వెయ్యకుండా చూసేది.

"ఏంటి వదినా అలా చూస్తావు? నా మొహంలో కోతులాడుతున్నాయా?"

"ఒక్కసారి కూర్చో చిట్టీ. ఆ గుడ్డులో నీ ముఖం వేస్తాను."

అప్పుడు చిట్టికి ఎప్పటిదో ఉక్రోషం తన్నుకొచ్చింది. ఇన్నేళ్ళూ అద్దమే సరిపోయింది. ఇప్పుడు మొగుడు పోయాడు, ఇల్లు బోసిపోయింది, ఆడపడుచు మీద జాలి పుట్టుకొచ్చిందన్నమాట! "ఇన్నాళ్ళూ గుర్తురాని మొహం ఇప్పుడు గుర్తొచ్చిందా? నాకు పొయ్యి మీద పాలున్నాయి" అని లేచిపోయింది.

వదిన మళ్ళీ అడిగింది. తర్వాత ఇంకోసారి అడిగింది. బతిమాలింది కూడా. చిట్టి మెట్టు దిగలేదు. రోజూ మధ్యాహ్నం వదిన ఆ బొమ్మ ముందు బ్రష్షు పట్టుకుని ఉత్తినే కూర్చునేది. అద్దం ఎక్కడుందో కూడా చూసేది కాదు. చివరిదాకా అంతే. అడిగించుకుని కాదన్నందుకు చిట్టికి చాలా రోజులు ఒక తృప్తి ఉండేది. ఆ తృప్తి ఎందుకో ఎక్కువ కాలం నిలవలేదు.

సరే, రేపు తెరుస్తారనగా ఇవాళ పొద్దున బొమ్మల కింద పేర్ల చీటీలు అంటించారు. అత్తయ్య కళ్ళద్దాలు తుడుచుకుని ఒక్కో గదీ చూసుకుంటూ వచ్చింది. 'చిత్రకారుడి భార్య.' 'కిటికీ దగ్గర భార్య.' 'శాలువాతో భార్య.' 'కూర్చున్న భార్య.' ఎవరే కూర్చుంది! నడుములు పడిపోయేలా కూర్చుంది ఎవరు!

పెద్ద గదికి వచ్చేసరికి ఆవిడ పొడుగు వీపు కుర్చీ చుట్టూ ఎర్రతాడు కట్టి ఉంది, 'కూర్చోరాదు' అన్న పలకతో సహా. దాని వెనక గోడకి ఆఖరి బొమ్మ. భుజాలు, చేతులు, ఒళ్ళో మడిచిన శాలువా, మెడ. మెడ పైన తెల్లగుడ్డు. కింద చీటీ: 'భార్య. అసంపూర్తి.'

అత్తయ్య తిన్నగా గ్యాలరీ మేడం దగ్గరికి వెళ్ళింది. మేడం అంటే ఊరివాళ్ళు ఈ పనికి పెట్టిన ఆఫీసరమ్మ. మంచి పిల్లే. నిచ్చెన మీదున్నవాళ్ళకి పురమాయిస్తూనే అత్తయ్యకి కుర్చీ లాగింది.

"ఆ ఆఖరి బొమ్మలో ఉన్నది నేను. చీటీ మార్చు తల్లీ."

"కొన్ని బొమ్మలకి మీరు కూడా కూర్చున్నారని విన్నానండీ..."

"కొన్నిటికా!"

"అమ్మగారూ, ఆ పేర్లు మేం పెట్టినవి కావు. మాస్టారు తన చేత్తో బొమ్మల వెనక రాసినవే. వాళ్ళు పెట్టిన పేరు మార్చే హక్కు నాకు లేదు. ఆఖరిదానికి పేరు లేదనుకోండి, కానీ అన్నీ ఆవిడవే అయినప్పుడు ఇదొక్కటీ ఇంకొకరిది అని ఎలా రాయను? ముఖం కూడా లేదు కదా."

ఆ పిల్ల మాటలో తప్పేమీ లేదు. అదే పెద్ద బాధ. తిడదామన్నా దొరకదు. అత్తయ్య లేచి వచ్చి వెనక గదిలో మంచం మీద కూర్చుంది. ముఖం లేదు కదా, అంది. అయితే ముఖం ఉంటే సరిపోతుందన్నమాట. తలుపులు తెరిచేలోపు ఆ గుడ్డులో తన ముఖం పడాలి. తెరిచాక ఇక ఎప్పటికీ పడదు. తను కూడా ఎన్నాళ్ళో ఉండదు, ఆ తర్వాత ఈ ఇంట్లో చిట్టి అనే మనిషి ఉండేదని చెప్పడానికి కుక్క కూడా ఉండదు.

ఫోను తీసి నత్తకి చేసింది.

నత్త అంటే మాస్టారి పాత శిష్యుడు. ఒక్క చెంబు బొమ్మ వెయ్యడానికి వర్షాకాలమంతా తినేశాడని మాస్టారే పెట్టిన పేరు. ఇప్పుడు తల నెరిసి, పొట్ట వచ్చి, పేరుమోసిన చిత్రకారుడయ్యాడు. రేపటి సభకి ఎలాగూ ఊళ్ళోకి వచ్చే ఉన్నాడు. మధ్యాహ్నం వేళ, మేడం సభ ఏర్పాట్లకి వెళ్ళి, పనివాళ్ళు భోజనాలకి లేచాక, రంగుల పెట్టె పట్టుకుని దిగాడు. సంగతి విని అదిరిపడ్డాడు.

"అత్తయ్యా! ఊరి సొత్తు అది. చెయ్యి పెడితే నన్ను నిలువునా పాతేస్తారు."

"పాతితే పాతనీ. నీకు జ్వరమొచ్చి వారం పడుంటే గంజి కాచి పోసింది ఎవర్రా?"

"మీరే."

"నువ్వు తిన్న తిండికి ఏనాడైనా మొహం మాడ్చానా?"

"లేదు."

"మరి ఒక్క మొహం వెయ్యడానికి నీకేం పోయేకాలం? గొప్పవాడివైపోయావు కదా, ఇప్పుడు అత్తయ్య ఏం కనిపిస్తుందిలే!"

నత్త నెత్తి గోక్కున్నాడు. ఆవిణ్ణి చూశాడు, బొమ్మని చూశాడు. "ముందు కాగితం మీద వేస్తాను" అన్నాడు చివరికి. "మాస్టారు నేర్పిన పద్ధతి అదే కదా. కాగితం మీద కుదిరితే అప్పుడు చూద్దాం."

అత్తయ్య ఎర్రతాడు కింద నుంచి వంగి దూరి, 'కూర్చోరాదు' పలకని పక్కకి తోసి, తన కుర్చీలో కూర్చుంది. ఎన్నాళ్ళయిందో! వీపు ఆనగానే భుజాలు వాటంతట అవే సర్దుకున్నాయి, చేతులు ఒళ్ళో ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మెడ నిలబడింది. ఇక పిడుగు పడ్డా కదలదు.

"మొహం కదపకండి అత్తయ్యా."

"నేనెక్కడ కదిపాను?"

"మాట్లాడుతూనే ఉన్నారు."

నిజమే. అన్నయ్య వేసేటప్పుడు ఆవిడ నోరు మూస్తే కదా! కబుర్లు చెప్పేది, పాటలు పాడేది, ఆవలించేది, వీధిలో పోయేవాళ్ళకి వంకలు పెట్టేది. ఆయన ఏమీ అనేవాడు కాదు. ముఖంతో ఆయనకి పనేముంది? ఒంటికి వచ్చిన విద్య మొహానికి రాలేదు. ఇప్పుడు పెదాలు బిగిస్తే కనుబొమ్మ ఎగురుతోంది, కనుబొమ్మ దించితే ముక్కు దురద పుడుతోంది. ఎదురుగా ఒక మనిషి తన కళ్ళలోకి, పెదవుల్లోకి, గడ్డం కిందికి అంత పట్టి చూస్తుంటే ఎటు చూడాలో తెలియలేదు. సిగ్గేసింది. ఈ వయసులో ఇదేం సిగ్గో! ఆ సిగ్గు పోయాక కళ్ళనీళ్ళు వచ్చాయి.

"తుడుచుకోనా?"

"వద్దు, ఉండనీండి" అన్నాడు నత్త.

బొగ్గుముక్క కాగితం మీద బరబరా గీసుకుంటున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. నత్త అన్న పేరేగానీ ఆ రోజు వాడు ఆలస్యం చెయ్యలేదు. లేచి, రెండడుగులు వెనక్కి వేసి, కాగితాన్ని చూసుకున్నాడు.

"ఏదీ, ఇటివ్వు."

అత్తయ్య కళ్ళద్దాలు పెట్టుకుంది. గట్టి దవడ. కొంచెం ముందుకొచ్చిన కింది పెదవి. కుడిదానికంటే పైకి లేచిన ఎడమ కనుబొమ్మ, ఏదో ఒకటి అనబోతున్నట్టు.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. నన్ను వెయ్యరా అంటే మా అన్నయ్యని వేశావేంట్రా?" అంది. "గడ్డమేదీ?"

"నేను మాస్టారిని గడ్డం లేకుండా ఎప్పుడూ చూడలేదు అత్తయ్యా" అన్నాడు నత్త మెల్లిగా. "మీ ఎదురుగా కూర్చుని మిమ్మల్నే వేశాను."

అత్తయ్య మళ్ళీ చూసింది. ఆసుపత్రి మంచం మీద, తను గది తప్పాననుకుని వెనక్కి తిరిగిన మనిషి. చూడలేక చూపు తిప్పేసుకున్న ముఖం. అదే. కాగితం మీద ఉన్నది అదే.

తనకి తెలియలేదు. తల దువ్వుకోవడానికి తప్ప తను ఎప్పుడు అద్దంలో చూసుకుంది గనక? ఈ ఇంట్లో అద్దం వదినది. అన్నయ్యకి గడ్డం అడ్డు, తనకి తన మొహం పట్టదు. ఇద్దరూ ఒకే ముఖంతో ఒకే ఇంట్లో ముసలివాళ్ళయ్యారు, ఇద్దరికీ తెలియలేదు. తెలిసింది ఒక్కరికే. ఆ ఆఖరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని, గడ్డం లేని ఆ ముఖాన్ని చూసి, ఇంటికొచ్చి వంటింట్లో మళ్ళీ అదే ముఖాన్ని చూసిన మనిషికి.

జాలి కాదు. వదిన జాలిపడి అడగలేదు. మొగుడి బొమ్మ ఒక్కటి కూడా లేని ఇల్లది. ఆయన మెడదాకా వేసిపెట్టి వెళ్ళిపోయాడు, పైన ఆయన ముఖాన్నే వేసుకోవాలని కూర్చుంది ఆవిడ. ఆ ముఖం లోకంలో ఇంకొక్కచోటే మిగిలి ఉంది. ఆ ఒక్క మనిషీ పొయ్యి మీద పాలున్నాయని లేచిపోయింది.

"చెప్పొచ్చు కదా వదినా" అంది అత్తయ్య. గట్టిగానే అంది. "నోరు తెరిచి చెప్పొచ్చు కదే! చెబితే కూర్చోనా? రోజంతా కూర్చునేదాన్ని కదే!"

చెప్పి ఉంటే ఏమనేదో కూడా ఆవిడకి తెలుసు. నీ మొగుడి కోసం నా మొహం కావాలా, అని ఇంకో మాట విసిరి ఉండేది. అది గుర్తొచ్చి ఇంకా ఏడ్చింది. వదిన కూడా తనలాగే ఒంటరిగా ఉండిందన్నమాట. గోడకి అవతల ఒకరు, ఇవతల ఒకరు. ఒకే ఇంట్లో దగ్గర దగ్గర రెండేళ్ళు, ఒకరికి కావాల్సింది ఇంకొకరి దగ్గర పెట్టుకుని.

నత్త వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. కాసేపయ్యాక రంగుల పెట్టె తెరిచి, సన్న బ్రష్షు ఒకటి తీసి, చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"అత్తయ్యా, మేడం వచ్చే వేళవుతోంది. వెయ్యమంటారా? మీరు ఊఁ అంటే వేసేస్తాను. ఏమైతే అదైంది."

కాగితంలో ఉన్నది తన ముఖం. కావాలని అడిగింది తను. మెడ అక్కడే ఉంది, గుడ్డు తెల్లగా ఎదురు చూస్తోంది. అత్తయ్య చాలాసేపు దాన్ని చూసింది.

"వద్దురా."

"ఎందుకు?"

"నీ చెయ్యి మంచిదే నాయనా. కానీ అది నువ్వు పొదగాల్సిన గుడ్డు కాదు" అంది. "ఆ పెట్టె మూసెయ్యి. ఎర్రతాడు సరిగ్గా కట్టు, ఆ పిల్ల కంగారుపడుతుంది."

కాగితాన్ని చుట్టి తన గదికి పట్టుకుపోయింది. ఆ సాయంత్రం పొయ్యి వెలిగించలేదు.

మర్నాడు జనం బాగానే వచ్చారు. వీధి చివరిదాకా చెప్పుల చప్పుడు. పెద్దమనిషి ఎవరో రిబ్బను కత్తిరించాడు, ఇంకో పెద్దమనిషి మెడ గురించి మాట్లాడాడు, నత్త మాత్రం మైకు దగ్గరికి వెళ్ళి రెండు ముక్కలు చెప్పి దిగిపోయాడు. మేడం వచ్చి అత్తయ్యని ముందు వరసలో కూర్చోమంది. అత్తయ్య ఒప్పుకోలేదు. తన గదిలోంచి పీట లాంటి చిన్న స్టూలు తెచ్చుకుని, పెద్ద గదిలో ఆఖరి బొమ్మ పక్కన గోడవారగా వేసుకుని కూర్చుంది. చూసేవాళ్ళు బొమ్మని చూశారు, చీటీ చదివారు, కుర్చీని ఫోటో తీసుకున్నారు. ఒకాయన చేతిలో ఖాళీ గ్లాసు ఆవిడకి అందించబోయాడు, తీసుకెళ్ళే మనిషి అనుకుని. ఆవిడ తీసుకుని పక్కన పెట్టింది.

జనం పలచబడ్డాక ఒక అమ్మాయి ఒక్కతే మిగిలింది. భుజాన సంచీ, చేతిలో తడి గొడుగు. బొమ్మ ముందు అటూ ఇటూ జరిగింది, చీటీ చదివింది, మళ్ళీ పైకి చూసింది.

"ఏమండీ, మీరు ఇక్కడ పనిచేస్తారా?"

"ఉంటానమ్మా."

"ఈవిడ ఆయన భార్యే కదా. అన్నిటికీ ముఖం ఉంది, దీనికి ఎందుకు వెయ్యలేదో మీకేమైనా తెలుసా? ఆయన పోయాడన్న దిగులుతో వెయ్యలేకపోయిందని ఎవరో అంటుంటే విన్నాను."

నిన్న పొద్దున అయితే అత్తయ్య దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. ఆవిడ భార్య కాదు, నేను, అని గోడలు అదిరేలా చెప్పేది. ఏళ్ళ తరబడి నమిలి నమిలి పెట్టుకున్న మాట అది. ఇప్పుడు ఆ మాట కోసం వెతికితే నోట్లో లేదు.

"వెయ్యలేక కాదమ్మా. వేద్దామని రోజూ ఇదిగో ఇక్కడే కూర్చునేది" అంది. "ఎదురుగా కూర్చోవాల్సిన మనిషి రాలేదు. ఎన్నిసార్లు పిలిచినా రాలేదు."

"అయ్యో. ఎవరు?"

"నేనే."

ఆ అమ్మాయి తిరిగి ఆవిడ ముఖంలోకి చూసింది. గుడ్డు వైపు చూసి, మళ్ళీ ఆవిడ ముఖంలోకి, ఈసారి ఇంకా తీరిగ్గా చూసింది. అత్తయ్య పెదాలు కదిలించలేదు, కనుబొమ్మ ఎగరెయ్యలేదు, కళ్ళు దించుకోలేదు. చూసినంతసేపూ చూడనిస్తూ, మొహం కదపకుండా కూర్చుంది.